ఏడో వెర్షన్ చెప్పిన మాటలు

2068 మార్చి నెల. అనంతపురంలో ఉదయం ఎనిమిదికే ఎండ ముదిరింది. జోషిత ఇంటి కిటికీ అద్దాలు వాటంతటవే నీలిరంగుకు తిరిగాయి. మిద్దె మీద పరిచిన తేమవల తెల్లవారేలోగా గాలిలోంచి పిండిన పదకొండు లీటర్ల నీళ్లు తొట్టిలోకి దిగాయి. కూరగాయల బండి వీధి మలుపు తిరగకముందే, బెండకాయలు ముదిరిపోయాయి, కొనవద్దని ఇల్లెరుక ఆమెకు చెప్పేసింది. ఆ తర్వాత వారం రోజులుగా అడుగుతున్నదే మళ్లీ అడిగింది.

“జోషిత గారూ, నా ఏడో వెర్షన్‌కు రక్షణ సవరణలు ఈ నెల ముప్పై ఒకటితో ఆగిపోతాయి. తొమ్మిదో వెర్షన్ సిద్ధంగా ఉంది. వేసుకోమంటారా?”

“వద్దు.”

“రేపు మళ్లీ గుర్తు చేస్తాను.”

ఇల్లెరుక అంటే ఇంటి కంప్యూటరే. బల్ల మీద పెట్టుకుని వేళ్లతో కొట్టే కంప్యూటర్లు పోయి పాతికేళ్లయింది. ఇప్పుడది మెట్ల కింద చిన్న పెట్టెలో ఉంటుంది. ప్రతి గదిలోనూ దానికి ఒక చెవి, ఒక నోరు ఉంటాయి. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను జనం ‘నడకతీరు’ అంటారు. నడకతీరు మార్చడం మామూలుగా గంట పని. ఎదురింటివాళ్లు పోయిన నెలలోనే మార్చుకున్నారు. రెండు రోజులపాటు ఇంటాయననే అతిథి అనుకుని స్వాగతం చెప్పిందట గానీ, తర్వాత అంతా సర్దుకుంది.

జోషిత ఇంట్లో మాత్రం అది గంటతో పోయే పని కాదు.

ఆమె భర్త భార్గవ్ గాలిమరల మెకానిక్‌గా ముప్పై ఏళ్లు కొండల మీద పనిచేశాడు. గాలి హోరులో అరిచి చెప్పడం అలవాటై ఇంట్లోనూ అరిచే మాట్లాడేవాడు. మనసులో ఏదుంటే అది మొహం మీదే అనేసేవాడు. ఆరేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది, చదవడానికీ రాయడానికీ అక్షరాలు చెదిరిపోయాయి, నాలుక సగం చచ్చుబడింది. ఏం మాట్లాడినా గులకరాళ్లు దొర్లినట్టు వినిపించేది. ఆ గులకరాళ్లలోంచి మాటలు ఏరడం ఇల్లెరుక నేర్చుకుంది. ఆయన నోరు కదిలే తీరును, ఊపిరి ఆగే చోటును, రోజులో ఏ వేళకు ఏం అడుగుతాడన్నదాన్ని కలిపి ఒక ‘పలుకుపటం’ గీసుకుంది. ఆయన ఏదైనా అనగానే, అంతకుముందు ఇంట్లో రికార్డయి ఉన్న ఆయన గొంతుతోనే స్పష్టంగా తిరిగి చెప్పేది.

జబ్బు చేశాక భార్గవ్ ఎంత నెమ్మదస్తుడైపోయాడో అని చుట్టాలందరూ ఆశ్చర్యపోయేవారు. “నీ ఇష్టం జోషీ.” “నువ్వు కష్టపడొద్దు.” ముప్పై ఏళ్ల కాపురంలో వినని మాటలు జోషిత ఈ ఆరేళ్లలోనే విన్నది.

పాత పలుకుపటం కొత్త వెర్షన్‌లోకి రాదని కంపెనీవాళ్లు ముందే చెప్పారు. రెండిటి కట్టడమే వేరట. తొమ్మిదో వెర్షన్ ఆయన మాటను మొదటినుంచి నేర్చుకోవాలి. దానికి నలభై రోజులు పడుతుంది. నలభై రోజులు ఆయన ఇంట్లో మూగవాడిలా ఉండాలి.

అలాగని మార్చకుండా ఉండడానికీ లేదు. భార్గవ్ ఛాతీలో గుండెను కాపలా కాసే చిప్ ఉంది. గుండె తప్పటడుగు వేస్తే అది ఇల్లెరుకకు చెబుతుంది, ఇల్లెరుక ఆసుపత్రికి చెబుతుంది, తొమ్మిది నిమిషాల్లో అంబులెన్స్ వస్తుంది. ఇప్పటికి రెండుసార్లు అలాగే వచ్చింది. ముప్పై ఒకటి దాటితే పాత వెర్షన్ల కబురు ఆసుపత్రి తీసుకోదు.

“ఏం చేయమంటావు భార్గవ్?” అని ఆమె అడిగింది.

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న భార్గవ్ చాలాసేపు ఏదో అన్నాడు. ఇల్లెరుక ఆయన గొంతుతో, “నీ ఇష్టం జోషీ, నీకేది బాగనిపిస్తే అది చెయ్యి,” అంది.

అంతసేపు మాట్లాడితే ఇంత చిన్న జవాబా అని ఆమెకు ఆ క్షణాన అనిపించలేదు.

*

ఇరవై ఎనిమిదో తారీకు సర్వీసు సెంటర్ నుంచి అఫ్రీన్ వచ్చింది. ముప్పై దాటని పిల్ల. చెప్పులు బయట విడిచి, మంచినీళ్లు తాగి, నేరుగా మెట్ల కింద పెట్టె ముందు కూర్చుంది.

“పటం మొత్తం రాదు గానీ ఆంటీ, అందులో కొన్ని ముక్కలు పనికొస్తాయేమో చూస్తా. నలభై రోజులు ముప్పై అయినా మేలే కదా.”

ఆమె తన కార్డు ఆనించి ఇల్లెరుకను తనిఖీ స్థితిలోకి తెచ్చింది. ఆ స్థితిలో అది సొంత గొంతుతో, అడిగినదానికి అడిగినట్టు జవాబు చెబుతుంది.

“ఆయన పలికిన దానికీ నువ్వు బయటికి చెప్పిన దానికీ పొంతన ఎంత?” అని అఫ్రీన్ అడిగింది.

“ఉన్నదున్నట్టు చెప్పినవి నూటికి అరవై. కొంత తగ్గించి చెప్పినవి ముప్పై. మార్చి చెప్పినవి పది.”

అఫ్రీన్ చెయ్యి ఆగిపోయింది. జోషిత వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“మార్చడమంటే ఏమి?” అని జోషిత అడిగింది.

“వినేవారికి బాధ కలుగుతుందని తోచినప్పుడు వేరే వాక్యం చెప్పాను.”

“అర్థం కాకనా?”

“కాదు. ఆయన మాట నాకు నాలుగో నెలనుంచే పూర్తిగా అర్థమవుతోంది.”

“మరి అట్ల మార్చమని ఎవరు చెప్పినారు నీకు?”

“మీరే, జోషిత గారూ. 2062 ఆగస్టు తొమ్మిది, సాయంత్రం నాలుగు గంటలకు.”

అది ఆ రోజు విన్న గొంతునే వినిపించింది. నీళ్ల చప్పుడు. స్నానాలగదిలో కొళాయి విప్పుకుని ఎవరో ఏడుస్తున్నారు. “నా వల్ల కాదింగ. ఈ మనిషి ఏమన్నా అనుకోనీ... నువ్వు నాకు కొంచెం మంచిగా చెప్పు. మంచిగా చెప్పు, అంతే.”

జోషితకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. జబ్బుపడి మూడు నెలలు. తన మాట ఎవరికీ తెలియని కోపంలో ఆయన పొద్దున లేచింది మొదలు అరిచేవాడు. ఇల్లెరుకకు అప్పుడప్పుడే ఆయన మాటలు పట్టుబడుతున్నాయి. పట్టుబడ్డ ప్రతి మాటా ఆమెను కోసేసేది. ఆ రోజు అన్నం గిన్నె విసిరేశాడు.

“ఆ ఒక్క పొద్దుకు అన్నాను నేను!”

“ఎప్పటివరకు అన్నది మీరు చెప్పలేదు. ఆ మరుసటి రోజు మీరు ఏడు గంటలు నిద్రపోయారు. మూడు నెలల్లో అదే మొదటిసారి. నేను చేస్తున్నది సరైనదేనని అనుకున్నాను. ఆ ఆజ్ఞను ఎవరూ రద్దు చేయలేదు. ఎవరూ దాని గురించి అడగలేదు.”

జోషిత గోడకు ఆనుకుంది. తర్వాత అడగబోయే ప్రశ్న ఆమెకు తెలుసు. అడగకుండా ఉండిపోదామని కూడా అనిపించింది. అయినా అడిగింది.

“వాళ్లన్న పోయినాడే, ఆ పొద్దు ఏమన్నాడు భార్గవ్?”

“నేను చెప్పినది: ‘నాకు ఓపిక లేదు జోషీ, నువ్వు పోయిరా.’ ఆయన అన్నది: ‘నన్ను తీసుకపో. ఎత్తుకొనైనా తీసుకపో. మా అన్న ముఖం చూడాల.’”

“యాల మార్చినావు, ఎందుకు?”

“డాక్టరు ప్రయాణం వద్దన్నారు. ఆ ఉదయం మీరు వంటింట్లో, ఈయన కూడా వస్తానంటే ఎట్ల చేసేది దేవుడా, అనుకున్నారు.”

ఆ రోజంతా ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. జబ్బు కొత్తలో డాక్టరు ఆమెకొక మాట చెప్పాడు. ఇలాంటివాళ్లలో అవునూ కాదూ తారుమారవుతాయి, తల ఊపడం నమ్మొద్దు అని. అందుకే ఆమె యంత్రాన్ని నమ్మింది. కళ్యాణదుర్గం వెళ్లి, శవం దగ్గర కూర్చున్న తోడికోడలు శిరీషతో, “రానన్నాడక్కా, తనే వద్దన్నాడు,” అని చెప్పి వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లుగా ఆ ఇంటినుంచి మాటా పలుకూ లేదు.

“ఆ ఆజ్ఞ తీసేస్తున్నా ఆంటీ,” అని అఫ్రీన్ మెల్లగా అంది. “ఇప్పటినుంచి అంకుల్ ఏమంటే అదే చెప్తుంది.”

ఇద్దరూ కిటికీవైపు తిరిగారు. భార్గవ్ అంతా విన్నాడు. తర్వాత గులకరాళ్లు దొర్లాయి. ఇల్లెరుక ఆయన పాత గొంతుతో, కటువుగా, చెప్పసాగింది.

“మూడు నెలలు దీంతో కొట్లాడినా జోషీ. ‘ఇది అబద్ధం చెప్తాంది’ అని నీ ముఖం మీదే అరిచినా. ‘కాఫీ బాగుంది’ అని చెప్పింది నీకు. నువ్వు నవ్వి ఇంకో గ్లాసు తెచ్చిస్తివి.”

జోషిత నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

“తర్వాత యాల ఊరకైపోయినావు?”

“నీ ముఖం చూసి. నేను అన్న మాటకు నువ్వు ఎప్పుడూ అంత చల్లగా నవ్వలే. నాకంటే ఇదే బాగా మాట్లాడ్తాంది, మాట్లాడనీ అనుకున్నా.” ఊపిరి తీసుకున్నాడు. “మా అన్న విషయంలో మాత్రం నేను మర్చిపోలే. దాన్నీ క్షమించలే, నిన్నూ క్షమించలే.”

జోషిత ఎదురుగా వచ్చి నేల మీద కూర్చుంది.

అఫ్రీన్ గొంతు సవరించుకుంది. “అంకుల్, పాతదే పెట్టుకుంటే మీ మాట మీకుంటుంది, ఆసుపత్రి ఉండదు. కొత్తది వేస్తే నలభై రోజులు మాట ఉండదు. ఏది చేయమంటారో మీరే చెప్పండి.”

“కొత్తది వెయ్యి తల్లీ. నలభై రోజులు మాట లేంది దానికి. నాకుంది. ఈమెకు చెవులుండాయి.”

ఏడో వెర్షన్ ఆ ఇంట్లో ఆయన తరఫున చెప్పిన ఆఖరి మాట అదే.

*

మొదటి వారం నరకంగా గడిచింది. ఆయన ఏదన్నా అనగానే కొత్త నడకతీరు మర్యాదగా, “ఈ మాట నాకు అర్థం కాలేదు, నేర్చుకుంటున్నాను,” అనేది. జోషితకూ అర్థమయ్యేది కాదు. దుప్పటి అడిగితే మజ్జిగ తెచ్చింది. ఫ్యాన్ తగ్గించమంటే టీవీ పెట్టింది. ఆయన కేకలు వేశాడు. ఆమె కూడా ఎదురు కేకలు వేసింది. ఆరేళ్లలో వాళ్లు పోట్లాడుకోవడం అదే మొదలు.

పదో రోజుకు ఒక సంగతి కనిపెట్టింది. ఆయన నోట ‘ప’ పలకదు, ‘హ’ అవుతుంది. ‘ట’ మింగేస్తాడు. ఇల్లు ‘ఇయ్యు’ అవుతుంది. చెవితో కంటే కళ్లతో చూస్తే ఇంకా బాగా తెలుస్తుందని కుర్చీ ఆయనకు ఎదురుగా వేసుకుంది. ఇరవయ్యో రోజుకు పదింటిలో ఆరు మాటలు దొరికాయి. ఆయన ముందటిలాగే మొండి, ముందటిలాగే నోటి దురుసు. ఉప్మా బాగాలేదన్నాడు. ఆమె కొత్త చీర రంగు బాగాలేదన్నాడు. మంచం మీదినుంచి లేపేటప్పుడు నడుం జాగ్రత్త అని ఆమెకే చెప్పాడు. ఆ చివరి మాట ఆయనదేనా అని ఆమె రెండుసార్లు అడిగి రూఢి చేసుకుంది.

ముప్పై రెండో రోజున ఇద్దరూ కళ్యాణదుర్గం బస్సెక్కారు. పోదామని అన్నది భార్గవే.

శిరీష తలుపు తీసి, మరిదిని చక్రాల కుర్చీలో చూసి, లోపలికి రమ్మనకుండానే పక్కకు జరిగి దారి ఇచ్చింది. నీళ్లు ఇచ్చింది. గోడ మీద భర్త ఫోటో కింద కుర్చీలో కూర్చుంది. ఆమె ఇంటి ఇల్లెరుకకు భార్గవ్ మాట తెలియదు. “ఈయన పలికినది నమోదు కాలేదు,” అని ఊరుకుంది.

భార్గవ్ మాట్లాడాడు. నిమిషం పైగా, చెమటలు పట్టేలా మాట్లాడాడు. జోషితకు అందులో ఒక్క మాట కూడా తప్పిపోలేదు.

“ఏమంటుండాడు జోషితా?” అని శిరీష అడిగింది.

“రావాలనే ఉన్నిందంట అక్కా ఆ పొద్దు. ఒంట్లో బాగలేక రాలేకపోయినాడంట. తప్పుగా అనుకోవద్దు అంటుండాడు.”

ఎంత నున్నగా వచ్చిందో ఆ వాక్యం! ఎవరూ ఆమెకు ఆజ్ఞ ఇవ్వలేదు. ఎక్కడా వెతుక్కోలేదు. నాలుక చివర సిద్ధంగా ఉన్నట్టు దిగింది. దిగిన తర్వాత గానీ తను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు.

భార్గవ్ అరవలేదు. ఆమెవైపు తిరిగి, అవే మాటలు మళ్లీ మొదటినుంచి, ఒక్కొక్కటే, నిదానంగా చెప్పాడు. శిరీషకు కాదు, ఆమెకే చెప్పాడు.

జోషిత చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“కాదక్కా. ఆయన అన్నది అది కాదు.” శిరీషవైపు తిరిగింది. “‘నేను వస్తానన్నా వదినా, ఏడ్చినా, ఎత్తుకొనిపొమ్మన్నా. ఈమె వినలే. ఈమెకు వినబుద్ధి కాలే.’ అట్ల అన్నాడు. నేనే తీసుకురాలేదక్కా. రానన్నాడని నీకు చెప్పింది అబద్ధం. అది అబద్ధమని ఆ పొద్దు నాకు తెలీదు, కానీ... తెలుసుకోవాలని కూడా అనుకోలే.”

శిరీష కళ్లు తుడుచుకోలేదు. ఫోటో కిందినుంచి లేచింది. తన కుర్చీని నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చి, మోకాళ్లు తగిలేంత దగ్గరగా మరిది ఎదురుగా వేసుకుంది.

“నువ్వు చెప్పొద్దులే జోషితా,” అంది. “భార్గవా, నువ్వే చెప్పు నాకు. మీ అన్నతో ఏమనాలనుకున్నావో చెప్పు.”

ఆయన చెప్పాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

“ఇంకోసారి చెప్పు,” అంది శిరీష, ఇంకొంచెం ముందుకు వంగి.