పుర్రెలో బూజు పట్టిన కెమెరా

మంగళవారం... అమావాస్య... రాహుకాలం!

జంషెడ్‌పూర్ గగనతలాన్ని కారుమేఘాలు కబళించాయి. దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు పడింది! మూడున్నరకే ముంచుకొచ్చిన ఆ అంధకారంలో, గుడ్లగూబ ఒకటి పొరపాటున పగటి డ్యూటీ ఎక్కి ఘూకారం చేసింది...

బర్మామైన్స్ సందులో కెమెరాలు బాగుచేసే నీలకంఠం తలెత్తలేదు. భార్య శ్రీదేవి పోయిన పన్నెండేళ్లుగా అతనికి ఉరుమైనా ఒకటే, ఊరేగింపైనా ఒకటే. కంఠంలో విషముంటే మంటైనా తెలిసేది. ఈ నీలకంఠానికి అదీ లేదు. వెనక బల్ల దగ్గర పదహారేళ్ల కూతురు వెన్నెల లెక్కలు చేసుకుంటోంది.

గుమ్మంలో నల్ల శాలువా కప్పుకున్న ఆకారం! గమ్హరియా ఊరి మాంత్రికుడు బంగార్రాజు! పేరులో తప్ప ఒంటిమీద వీసమెత్తు బంగారం లేదు. శాలువా తొలగించాడు... నరకపాలం! దాని గర్భంలో... ఒక డిజిటల్ కెమెరా!

"పన్నెండేళ్లుగా వాడలేదు. బతికించు!"

నీలకంఠం పుర్రెను పక్కన పెట్టి కెమెరా విప్పాడు. సెల్లులు కారి పచ్చటి చిలుము. లెన్సు లోపల సాలెగూడులా బూజు.

"సెల్లులు తీసి దాయాల బాబూ. గాలి సొరని డబ్బాలో, సెమ్మ పీల్చే పొట్లాం ఏసి. పుర్రెలో పెడితే బూజు పట్టదేటి? కొందరి పుర్రెలకి బతికుండగానే పట్టేత్తాది."

"నోర్ముయ్! నాకు కావలసింది ఛాయ!"

"చాయ్ ఎదురు కొట్లో దొరుకుతాది."

చిలుము తుడిచి, బూజు కడిగి, కొత్త సెల్లులు వేశాడు. తెర వెలిగింది... హా! వరసగా పన్నెండు మంది! ఒక్కరికీ నీడ లేదు! ఆఖరి ఫొటోలో... శ్రీదేవి! తెర లోపలి నుంచి ఆమె కనురెప్పలు ఆర్పింది!

"నేను తీసేది ఫొటోలు కాదురా... ప్రాణాలు!" బంగార్రాజు వికటాట్టహాసం చేస్తూ కెమెరా లాక్కున్నాడు. "పదమూడో ఛాయ చిక్కిందా, నాకిక మృత్యువు లేదు! నీలకంఠం కూతురా... నీ తండ్రి సొత్తు ఇక నా సొత్తు!"

క్లిక్!

వెన్నెల ఆర్తనాదం చేస్తూ కుప్పకూలింది. ఆమె నీడ గచ్చు మీంచి తడిబట్టలా ఊడి లెన్సులోకి జారిపోయింది!

నీలకంఠం లేవాలనుకున్నాడు. లేవలేదు. భయం వెయ్యాలి. వెయ్యలేదు. ఫారంలో తప్పు దిద్దుతున్నవాడిలా అన్నాడు:

"మంత్రం తప్పు సదివినావు బాబూ. అది బడిలోనే వెన్నెల. ఇంట్లో తవిటమ్మ. ముందు పుట్టినోళ్లిద్దరూ పోతే, ఇదైనా నిలవాలని పురిట్లోనే పైడితల్లి గుమ్మంలో ఎట్టి, సేరు తవుడికి అమ్మోరికి అమ్మేసినాం. రేపు తిరిగి కొందాం, మాపు కొందాం అంటూండగానే శ్రీదేవి పోనాది. నాను మర్సిపోనాను. అది నా సొత్తు కాదు."

బంగార్రాజు మొహం పాలిపోయింది. కుప్పకూలిన పిల్ల లేచింది... విరబోసిన కేశపాశం... చింతనిప్పుల్లాంటి నేత్రాలు... ఆ కంఠం ఆమెది కాదు!

"నా పిల్లనేటి తీత్తావురా? రా... నిన్ను తీత్తాను!"

కెమెరా దానంతటదే వాడివైపు తిరిగింది. ఫళ్లున మెరుపు! శాలువా ఖాళీగా నేలకు జారింది; కెమెరా నీలకంఠం ముందు బల్ల మీద పడింది. తెర మీద వేలెడంత బంగార్రాజు అద్దాన్ని గుద్దుతున్నాడు!

"వదులు! నీ పెళ్లాన్ని తిరిగిస్తాను! ఇదిగో, పక్కనే ఉంది!"

ఉంది. శ్రీదేవి ఒళ్లో వెన్నెల నీడ ముడుచుకుని ఉంది. శ్రీదేవి తల అడ్డంగా ఊపింది.

"సెరిపేయ్ మావా... అంతా సెరిపేయ్. అప్పుడే పిల్ల నీడ పిల్లకొత్తాది."

బొత్తాం నొక్కితే తెర అడిగింది: అన్నీ చెరిపేయాలా? అవును... కాదు...

పన్నెండేళ్లలో శ్రీదేవికి ఒక్క వెంట్రుకా నెరవలేదు. నీలకంఠం బొటనవేలు ఎవరిదో అన్నట్టుంది. 'అవును' మీద ఆనించి నొక్కాడు.

దారుణమైన గావుకేక! శాలువా భగ్గుమని బూడిదైంది. వెన్నెల పాదాల దగ్గర నీడ మెల్లగా పరుచుకుంది.

"పాపా... క్యా హువా?" ఏమైందని తండ్రిని అడిగింది వెన్నెల.

"ఏటీ నేదమ్మా."

తెర మీద రెండే మాటలు: ఫొటోలు లేవు. నీలకంఠం చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లు తుడుచుకోబోయాడు. పొడిగానే ఉన్నాయి.