ఆరో లైన్ దెయ్యం చేతిలో తలకాయ

గోదావరిఖనిలో ఆరో లైన్ క్వార్టర్ల వైపు పొద్దు గూకాక ఎవరూ వెళ్లరు. ఎవరూ అంటే… కిటికీ చువ్వలు, తలుపు చెక్కలు ఊడబెరికి పట్టుకుపోయేవాళ్లు తప్ప. వాళ్లకు దెయ్యం భయం ఉన్నట్టు లేదు. దెయ్యానికే వాళ్లంటే భయం అయి ఉండాలి.

పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని జరుగుతూ జరుగుతూ దగ్గరికొచ్చింది. బ్లాస్టింగ్ చేసినప్పుడల్లా గోడలు బీటలిచ్చాయి. కాపురాలన్నీ ఖాళీ చేయించారు. మిగిలింది తలుపుల్లేని పద్దెనిమిది ఇళ్లు. ఆ చివరింటి గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడుతుందని, దారిన పోయేవాళ్లను చూస్తూ ఉంటుందని చెప్పుకుంటారు. ఆమెను చూసినవాళ్లు లేరు. చూసినవాడి బామ్మర్దిని ఎరిగినవాళ్లు మాత్రం ఊరినిండా ఉన్నారు.

ఈ సంగతి నాకు చెప్పింది కుతుబుద్దీన్ చాచా. నలభై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్న మనిషి. అబద్ధం చెప్పే ఓపిక ఆయనకు లేదు.

అదే ఊళ్లో ఉపేందర్ అని గనిలో పనిచేసేవాడు ఒకడున్నాడు. ఆ ఉద్యోగం అతను సంపాదించింది కాదు. మామ నర్సింగం ఊపిరితిత్తులు పాడై, పనికి పనికిరాడని డాక్టర్లు రాసిస్తే, కొడుకులు లేరు కనుక అల్లుడికి ఇప్పించాడు. ముప్పై ఏళ్లు బొగ్గుపొడి మింగి ఆ ముసలాయన మిగుల్చుకున్నది కూతురు యమున, అల్లుడి ఉద్యోగం… ఆ రెండే.

అల్లుడికేమో ఫోటోల పిచ్చి. పిచ్చి తప్పు కాదు. కానీ ఫోన్లో ఎవరో చెప్పారట — ఇష్టమైన పనినే వ్యాపారం చేసుకుంటే జీవితంలో ఒక్కరోజు కూడా డ్యూటీ చేసినట్టు ఉండదని. ఉపేందర్ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించాడు. డ్యూటీకి వెళ్లడం మానేశాడు.

పెద్ద కెమెరా కొన్నాడు. మార్కెట్ వెనకాల ఒక గది తీసుకుని ‘ఉప్పి క్లిక్స్’ అని ఫ్లెక్సీ కట్టాడు. ఆధార్ కార్డు కోసం పాస్‌పోర్టు ఫోటో అడిగితే, “గవి నేను తియ్యనన్నా. నేను ఆర్టిస్టును” అని పంపించేవాడు. పంపించినవాళ్లు నేరుగా చాచా స్టూడియోకు వచ్చేవారు. ఒకసారి తన డ్యూటీ బూటును నలుపు తెలుపులో తీసి, ‘శ్రమ’ అని పేరు పెట్టి ఫోన్లో పంచాడు. ఆ బూటు గని మొహం చూసి అప్పటికి పన్నెండు రోజులు.

గని ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. హాజర్లు ఇట్లాగే తగ్గితే ఉద్యోగం పోతుందని. దాన్ని నాలుగు మడతలు పెట్టి, కెమెరా సంచిలో లెన్సు కింద దాచాడు. యమునకు చెప్పలేదు. రోజూ మూడింటికల్లా సెకండ్ షిఫ్టు అని బయల్దేరడం, పదకొండు దాటాక రావడం… అదొక్కటే క్రమం తప్పకుండా చేసేవాడు.

ఒకరోజు అతనికి ఆలోచన తట్టింది. ఆరో లైన్ చివరిల్లు, వెన్నెల, దెయ్యం పేరు. అట్లాంటి ఫోటో ఒక్కటి పడితే పేరు మోగిపోతుంది.

వెళ్లాడు.

ఎనిమిదవుతోంది. వెన్నెల పలచగా ఉంది. దూరంగా ఓపెన్‌కాస్ట్ లైట్ల వెలుతురు. కుక్క కూడా అరవడం లేదు…

స్టాండు నిలబెట్టాడు. కెమెరా బిగించాడు. షట్టర్ ముప్పై సెకండ్లు తెరిచి ఉండేట్టు పెట్టాడు. చీకట్లో అట్లా పెట్టాలని ఫోన్లో చూశాడు. నొక్కాడు.

నొక్కిన మరుక్షణం — గుమ్మం వైపు ఎండుటాకు నలిగిన చప్పుడు.

ఆర్టిస్టు గిరుక్కున ఇంటివైపు వీపు తిప్పాడు. కళ్లు మూసుకున్నాడు. చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఆంజనేయ దండకం అందుకున్నాడు. మొదటి నాలుగు ముక్కలే వచ్చు. వాటినే తిప్పి తిప్పి చదివాడు.

ఎవరో పిలిచినట్టు అనిపించింది…

ఇంకా గట్టిగా చదివాడు.

క్లిక్ మనగానే కెమెరాను స్టాండుతో సహా చంకన పెట్టుకుని పరుగు. మార్కెట్ లైట్ల కిందికి వచ్చాక గానీ ఫోటో చూడలేదు.

గుమ్మంలో ఒక ఆడ రూపం. తెల్లగా, పొగలాగా. ఆమెలోంచి వెనక గోడ కనిపిస్తోంది. భుజాల మీద తల లేదు. కిందికి వేలాడిన చేతిలో మాత్రం గుండ్రంగా, తళతళా… తల!

పదకొండు దాటాక ఇంటికి చేరాడు. ఒళ్లు కాలిపోతోంది.

“అన్నం తిన్నవా?” అంది యమున.

“తిన్న. కూర మస్తుండె.”

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. లైటార్పి పడుకుంది.

ఆ ఫోటో రామగుండం దాటింది, మంచిర్యాల దాటింది. ఉపేందర్ జ్వరం తగ్గేలోపు పెద్దమనిషి అయిపోయాడు. యూట్యూబ్ ఛానెల్ వాళ్లు మైకు పట్టుకొచ్చారు. “భయం గాలేదా అన్నా?” అని అడిగితే, “భయమేంది? కండ్లల్ల కండ్లు వెట్టి సూసిన” అన్నాడు. తలే లేని దెయ్యం కళ్లలోకి ఎట్లా చూశాడో మైకు పట్టుకున్నవాడికి తట్టలేదు.

పెళ్లి కుదిరిన జంటలు ఆరో లైన్లోనే ఫోటోలు కావాలని వరస కట్టాయి. ఒక జంటయితే తమక్కూడా తలలు కనబడకుండా తీయమన్నదట! ఉపేందర్ దెయ్యం బొమ్మను పదడుగుల ఫ్లెక్సీ కొట్టించి దుకాణం ముందర వేలాడదీశాడు. రెండో నోటీసు వచ్చింది. దాన్నీ లెన్సు కిందికి తోశాడు. ఇట్లా మూడు వారాలు.

ఒక సాయంత్రం కుతుబుద్దీన్ చాచా అటు పోతూ ఫ్లెక్సీ ముందు ఆగాడు. కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

“ఎన్ని సెకండ్లు వెట్టినవ్ బేటా?”

“ముప్పై, చాచా.”

“అండ్ల పదిహేను సెకండ్లు నిలబడి ఎల్లిపోయిన మనిషి ఎట్ల పడతది? గిట్లనే పొగలెక్క పడతది. మనిషి వోయినంక ఎనకున్న గోడ పడతది. దయ్యం లేదు, గియ్యం లేదు.”

ఉపేందర్ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

“మెల్లగ చాచా… మరి తలకాయ?”

“తల అటిటు తిప్పితె మొహం పడదు. నల్ల జుట్టు చీకట్ల కలిసింది. గంతే.”

“చేతిల ఉన్న తలకాయ?”

చాచా ఫ్లెక్సీ మీద వేలు పెట్టాడు. “తలకాయకు చెవులుంటయ్. దీనికి క్లిప్పులున్నయేంది?”

ఉపేందర్ దగ్గరికి జరిగాడు. ఇంకా దగ్గరికి…

క్లిప్పులే. రెండు. ఎడమది వంకరపోయి ఉంది. దానికి ఎర్రదారం చుట్టి ఉంది. మూడు గిన్నెల స్టీలు క్యారియర్.

ఆ దారం ఎవరు చుట్టారో అతనికి తెలుసు. ఆ రోజు క్యారియర్‌ను ఇంట్లోనే మరిచిపోయాడన్న సంగతి కూడా, మూడు వారాల తర్వాత, అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి ఎట్లా వెళ్లాడో తెలియదట. ఆ తర్వాత జరిగింది చాచాకు అతనే చెప్పుకున్నాడు.

యమున వంటింట్లో ఉంది. క్యారియర్ గట్టు మీద ఉంది. దాని పక్కన, ఇంట్లో వదిలెళ్లిన కెమెరా సంచిలోంచి తీసి మడతలు విప్పిన రెండు నోటీసులు.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

“యమునా… గది నువ్వేనా?”

“క్యారియర్ మర్సిపోయినవని గని గేటుకాడికి తెచ్చిన. గాడున్నోల్లు ‘ఉపేందర్ డ్యూటీకి రాక ఎన్ని దినాలాయెనో మాకే ఎరుకలేదక్కా’ అన్నరు. అడ్డదోవల వస్తాంటె నువ్వు కండ్లవడ్డవ్. గుమ్మంల నిలబడి మూడుసార్లు పిలిచిన. చెవులల్ల ఏళ్లు వెట్టుకొని దండకం సదువుతున్నవ్. ఇగ మర్లిపోయిన.” ఆమె నీళ్ల చెంబు దించింది. “ఇంటికొచ్చి కూర మస్తుండె అన్నవ్.”

“మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలె?”

“ఎన్నటికి గుర్తువడతవో సూద్దామని.”

అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

“పెండ్లయి పదకొండేండ్లు. ఒక్క ఫోటో తియ్యవయ్యా అంటె లైటింగు బాగలేదంటివి. ఇగ తీసినవ్… ఊరందరికి సూపిచ్చినవ్. పక్కింటి సారవ్వ నన్ను దోల్కపోయి గా ఫ్లెక్సీ ముందు నిలబెట్టింది. అమ్మో గిదేం మొహంలేని ముండ అన్నది. నేను గూడ అవునవ్వా అన్న.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నోటీసులు చేతిలోకి తీసుకుంది.

“మా నాయిన దమ్ము వోయి నీకు నౌకరి ఇచ్చిండు. పొద్దుగాల్ల ఆఫీసుకు వోయి దండం వెట్టుకొని ఫస్ట్ షిఫ్టుకు దిగుతవా? లేకుంటె గా ఛానెలోల్లకు ఫోన్ జేసి, దయ్యాన్ని మాట్లాడుతున్న అని చెప్పాల్నా?”

ఆ రాత్రే వెళ్లి ఫ్లెక్సీ విప్పుకొచ్చాడు. ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత సంచిలోంచి కెమెరా తీశాడు. యమున మంచం మీద కూర్చుని జుట్టు ముడేసుకుంటోంది. అతను ఆమె వైపు లెన్సు తిప్పాడు. ఈసారి వీపు తిప్పలేదు.

“ఒక్కటంటె ఒక్క ఫోటో… ఇటు సూడు యమునా.”

ఆమె చూసింది. తర్వాత లేచి లైటు ఆర్పేసింది.

“లైటింగు బాగలేదు. పండుకో.”