శుక్రవారం ఐదింటి ఫోన్

పది దాటింది. హాల్లో తొమ్మిది మందే ఉన్నారు.

"మిగతావాళ్లు ఏరి?" ఉల్లిపాయలు తరుగుతున్న మారిసోల్ ఆంటీ కత్తి పక్కన పెట్టింది. "పదకొండుకి చర్చివాళ్లు వచ్చి చూస్తారు. ఇరవై మందైనా లేకపోతే ఈ హాలు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు."

పదేళ్ల హంసిక గబుక్కున గోడ గడియారం వైపు చూసింది.

అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్లోని ఈ చర్చి హాల్లో మెక్సికో, గ్వాటెమాలాల నుంచి వచ్చిన ఆడవాళ్లు ప్రతి శనివారం కలిసి వండుకుంటారు. షుగర్ పెరగకుండా ఏం తినాలో ఒకరికొకరు నేర్పుకుంటారు. మొదట్లో దీన్ని ఒక ఆసుపత్రి నడిపేది. డబ్బుల్లేవని వాళ్లు ఆపేసి నాలుగేళ్లయింది. వీళ్లు మాత్రం ఆపలేదు! పక్కింటి మారిసోల్ ఆంటీ రమ్మంటే, హంసిక వాళ్లమ్మ సుధ కూడా సొరకాయ పట్టుకుని చేరిపోయింది.

శుక్రవారం ఐదింటికి ఒకరు ఇంకొకరికి ఫోన్ చేస్తారు. వాళ్లు తర్వాతివాళ్లకి. "రేపు వస్తున్నారా? ఏం తెస్తున్నారు?" అంతే. ఫోన్ రాలేదంటే ఆ వారం వంట లేదని అర్థం. స్కూల్లో స్పానిష్ నేర్చుకుంటోంది కదాని, అమ్మ తన వంతు హంసికకి అప్పగించింది.

నిన్న హంసిక గేమ్‌లో మునిగిపోయింది. ఒక్క ఫోనే కదా అనుకుంది. అమ్మ అడిగితే "చేసేశా" అని కూడా చెప్పేసింది.

"ఆంటీ, నేను ఫోన్ చెయ్యలేదు. అమ్మకి అబద్ధం చెప్పాను." అంది హంసిక.

సుధ ముఖం చిన్నబోయింది. మారిసోల్ ఆంటీ తిట్టలేదు. తన ఫోన్ హంసిక చేతిలో పెట్టింది. "ఇంకా టైముంది. ఇప్పుడు చెయ్యి."

అవతల చాలాసేపటికి ఎత్తారు. డోన్యా ఎల్విరా. పెద్దావిడ కాబట్టి అందరూ గౌరవంగా డోన్యా అంటారు.

"నిన్న చీకటి పడేదాకా ఫోన్ పక్కనే కూర్చున్నానమ్మా. ఈ ముసలిది ఎందుకులే అనుకున్నారేమో అనుకున్నా."

హంసిక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేర్చుకున్న స్పానిష్ అంతా ఎటో పోయింది. "కాదు, కాదు! తప్పు నాది. సారీ. రండి, ప్లీజ్!"

ఇరవై నిమిషాలకి తలుపు తెరుచుకుంది. ముందు డోన్యా ఎల్విరా. ఆమె వాకర్ బుట్టలో ముళ్లు గీకేసిన నాగజెముడు మట్టలున్నాయి, కూరకి. వెనకే తడి జుట్టుతో ఒకామె. కవలల్ని చెరో చంకన వేసుకుని ఇంకొకామె. డ్యూటీ యూనిఫారంతోనే మరొకామె. వస్తూనే ఉన్నారు!

హంసిక నోరు తెరుచుకుని చూసింది. తను పిలిచింది ఒక్కరినే. ఆ ఒక్క పిలుపు ఎన్ని ఇళ్లు తిరిగిందో! చర్చివాళ్లు వచ్చేసరికి హాల్లో ఇరవై ముగ్గురు. కుర్చీలు చాలక హంసిక నేలమీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచింది.

తర్వాతి శుక్రవారం. ఐదవడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. గేమ్ సగంలో ఉంది. హంసిక ఆపేసి, అమ్మ ఫోన్ తీసుకుంది.

ఒక్క రింగ్ కూడా పూర్తిగా మోగలేదు.

"ఓలా, హంసికా?" అని పలకరించింది డోన్యా ఎల్విరా.