తొంభై ఆరు కిలోల అబద్ధం

"నెలలో ఆగిపోయిన గుండెల్లో ఇది మూడోది," అన్నాడు చీఫ్, టేబుల్ మీద మందు సీసా పెట్టి. "ముగ్గురికీ నలభై దాటలేదు. ముగ్గురి ఇళ్ళలోనూ ఇదే సీసా."

ఏజెంట్ ‘సూది’ దాన్ని అందుకున్నాడు. మనిషి సన్నగా ఉంటాడు, ఎక్కడైనా దూరతాడు, అందుకే డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరు. ‘ఆకలి తగ్గించే క్యాప్సూల్స్. డాక్టర్ చీటీ ఉంటేనే’ అని లేబుల్ మీద ముచ్చటగా అచ్చయి ఉంది.

"లేబుల్ మనది. లోపలి సరుకు ఏళ్ళ క్రితం నిషేధించినది. విదేశీ ముఠా ఒకటి తెచ్చి, స్లిమ్మింగ్ క్లినిక్‌లో పంచుతోంది. అసలైన మందు ఇవ్వాలన్నా బీపీ చూడాలి, గుండె చూడాలి, వేరే ఏం వాడుతున్నారో అడగాలి. పని చెయ్యకపోతే ఆపెయ్యాలి. అక్కడ ఇవేవీ లేవు."

"లోపల మనవాళ్ళు?"

"అక్కడి డాక్టరమ్మ. కోడ్‌నేమ్ మల్లె. బరువు చూసే మెషిన్లన్నీ తనే చెక్ చేసిందట, సరిగ్గానే ఉన్నాయని రిపోర్ట్. స్టాక్ గది చూపిస్తుంది. పని చెడగొడితే మళ్ళీ నాకు మొహం చూపించకు."

చీఫ్ ఆశీర్వచనం ఎప్పుడూ ఆ ధోరణిలోనే ఉంటుంది.

మర్నాడు పొద్దున పదింటికి సూది క్లినిక్‌కు వెళ్ళాడు. చొక్కా కింద స్పాంజి పొట్ట, బుగ్గల్లో దూది, అతికించిన మీసం. ఆ పొట్ట కిలో బరువు కూడా లేదు. కానీ వీధి చివర నుంచి క్లినిక్ దాకా అతనికి తగిలినన్ని చూపులు పదేళ్ళ సర్వీసులో తగలలేదు. లిఫ్టులో ఒకడు "ఓవర్‌లోడ్ అవుతుందేమో" అన్నాడు, పక్కవాడు పళ్ళికిలించాడు. రిసెప్షనిస్టు కుర్చీ చూపించి, "కూర్చోండి, ఇనుపదే, విరగదు" అంది. సూదికి ఒళ్ళు మండిపోయింది.

కూర్చుని తలెత్తాడు. ఎదురుగా సొంత చెల్లెలు. అదృష్టం, ఆమె గుర్తుపట్టలేదు.

"మొదటిసారా?" అందామె. "నాకు నాలుగో నెల. ఒకటే గుండె దడ, కళ్ళు తిరగడం. కొవ్వు కరిగేటప్పుడు అంతేనట. ఇవాళ్టి నుంచి డబుల్ డోసు. బీపీ చూడరా అంటే, చూడకుండానే కార్డు మీద రాసేసుకున్నారు."

"ఎందుకండీ ఇంత అవస్థ?" అన్నాడు సూది గొంతు మార్చి.

"మా అన్నయ్య పుణ్యం. చిన్నప్పట్నుంచీ నన్ను పేరుతో పిలిచిన పాపాన పోలేదు. బస్తా అనేవాడు. నా పెళ్ళిలోనూ అలాగే కేకేశాడు, మా అత్తింటివాళ్ళందరూ నవ్వారు. వాడి మొహం చూసి ఆరేళ్ళయింది."

సూది సిగ్గుతో చచ్చిపోయాడు. చెప్పేద్దామంటే గుమ్మం దగ్గర ముఠా మనుషులు. ఐదు నిమిషాల్లో పని ముగించి చెల్లెల్ని లాక్కుపోవాలనుకున్నాడు. ఇంతలో లోపలికి పిలుపొచ్చింది.

డాక్టరమ్మ లేచి నిలబడింది. ఎర్రటి లిప్‌స్టిక్, హైహీల్స్, మెడలో నగలా వేలాడుతున్న స్టెతస్కోపు.

"మీ గడియారం ఏడు నిమిషాలు స్లో," అన్నాడు సూది.

"తొందర పేషెంట్లకే, మాకు కాదు," అంది మల్లె. కోడ్ సరిపోయింది. "ముందు బరువు చూద్దాం. కెమెరాలున్నాయి, మామూలు పేషెంట్‌లా ఉండండి."

సూది జంకుతూనే మెషిన్ ఎక్కాడు. స్పాంజి గుట్టు రట్టయ్యే చోటు అదొక్కటే.

అంకె ఆగింది. తొంభై ఆరు.

ఇంట్లో పొద్దునే చూసుకున్నాడు, అరవై ఎనిమిది. బూట్లూ స్పాంజీ కలిపినా డెబ్బై దాటదు. అంటే వచ్చిన రోజు ఎక్కువ చూపించి, తర్వాత తగ్గిస్తూ పోతారు. పేషెంట్లు అదంతా మందు మహిమే అనుకుని దడనూ భరిస్తారు. మరి ఈ మెషిన్‌ను చెక్ చేసి సరిగ్గా ఉందన్నదెవరు?

తలెత్తాడు. గాజు తలుపుకు వీపు పెట్టి నిలబడిన మల్లె చేతిలో చిన్న పిస్తోలు.

"ఆ మెషిన్ మీకు మాత్రం అచ్చిరాలేదు," అంది తాపీగా. "స్టాక్ పావుగంటలో వెళ్ళిపోతుంది. అందాకా కదలకండి."

సూది వాచీ బటన్ నొక్కాడు. టీమ్ రావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. కానీ గాజు తలుపు అవతల చెల్లెలు రెండు క్యాప్సూల్స్ నోట్లో వేసుకుంది. నర్సు నీళ్ళ గ్లాసు అందించింది. గ్లాసు పెదాల దాకా వెళ్ళింది.

"ఒసేయ్ బస్తా!"

హాలంతా ఉలిక్కిపడింది. చెల్లెలు మాత్రం ఉలిక్కిపడలేదు. తిట్టడానికి నోరు ఖాళీగా ఉండాలి కాబట్టి రెండు క్యాప్సూల్స్‌నూ థూ అని నేల మీద ఊసింది.

"ఇక్కడా వదలవా నన్ను!" అంటూ వచ్చి ఒక్క తోపు తోసింది. గాజు తలుపు మల్లె వీపుకు కొట్టుకుంది. పిస్తోలు మంచం కిందికి జారింది, హైహీల్స్ తడబడి మల్లె నేలకరిచింది. టీమ్ వచ్చేసరికి సూది ఆమె చేతులు విరిచి పట్టుకుని, చెల్లెలి తిట్లు తింటున్నాడు. ముఠా మనుషులు పారిపోబోతూ పట్టుబడ్డారు, వెనక గుమ్మంలో వ్యాన్ కూడా సరుకుతో సహా దొరికింది.

మధ్యాహ్నం ఆసుపత్రిలో ఒక ముసలి డాక్టర్ ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టాడు. నాలుగు నెలల్లో అదే మొదటిసారి. నూట డెబ్బై రెండు బై నూట ఎనిమిది.

"ఆ రెండూ మింగి ఉంటే కష్టమయ్యేదమ్మా. బరువు తగ్గడానికి మంచి మందులున్నాయి. ముందు ఈ బీపీ దారికి రానీ, పరీక్షలన్నీ చేసి, అవసరమైతే నేనే రాస్తాను."

సూది మంచం పక్కన నిలబడి, జీవితంలో మొదటిసారి చెల్లెల్ని పేరు పెట్టి పిలిచాడు. క్షమించమన్నాడు.

ఆమె అతని వైపు తిరగలేదు. డాక్టర్‌తోనే అంది:

"ఈ బీపీలో సగం ఆ మందుది డాక్టర్‌గారూ. మిగతా సగం, ఇదిగో, ఈ స్పాంజి పొట్టవాడిది."