లేని బల్ల

పొద్దున్న ఏడున్నరకి నాన్న షెడ్డులో దేనికోసమో వెతుకుతున్నాడు.

పిచ్చుక వంటింటి కిటికీలోంచి చూస్తోంది. చిన్నప్పుడు బక్కగా ఉండేదని పెట్టిన పేరు. ఇరవై రెండేళ్ళొచ్చినా ఇంట్లో అందరికీ పిచ్చుకే. నాన్న గోడకి ఆనించిన పలకల్ని ఒక్కొక్కటే పక్కకి జరిపాడు. వెనకాల గోడ తప్ప ఏమీ లేదు. మళ్ళీ మొదటి పలక దగ్గరికొచ్చాడు.

"పొద్దున్నే ఏం సర్దుతున్నారే మీ నాన్న? మొన్నట్నుంచీ ఇదే వరస" అంది అమ్మ, పాలగిన్నె దించుతూ. "రెండుసార్లు వేడిచేశాను కాఫీ. మూడోసారి అడిగితే గిన్నె ఆయన చేతికే ఇస్తాను."

అన్న తల తుడుచుకుంటూ వచ్చాడు. చెక్కపని నాన్నది, ఆర్డర్లూ ఫోన్లూ అన్నవి.

"పదింటికి పళ్ళ డాక్టరమ్మ వ్యాను వేసుకుని వస్తోంది. ఆ భోజనాల బల్ల నాన్న బయటికి తీశాడా?"

"ఏ బల్ల?" అంది పిచ్చుక.

"నువ్వు పుస్తకాల్లోంచి తలెత్తితేగా తెలిసేది! ఇదిగో." ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాడు. "ల్యాప్‌టాప్‌లో దొరికింది ఈ ఫోటో. పంపగానే ఆవిడ ఎగిరి గంతేసింది. అచ్చం ఇదే కావాలంది."

పిచ్చుక ఫోన్ అందుకుని చూసింది.

అది ఫోటో కాదు. తను చేసిన బొమ్మ.

ఉద్యోగ పరీక్షకి చదువుతున్నానని చెప్పి, ఐదు నెలలుగా తలుపేసుకుని ఆమె నేర్చుకుంటున్నది త్రీడీ రెండరింగ్. వస్తువుని కంప్యూటర్లో కట్టి, దానిమీద వెలుగు ఎలా పడుతుందో లెక్కగట్టించి, కెమెరాతో తీసినట్టు చూపించే విద్య. మొదట్లో ఏం చేసినా ఆన్‌లైన్ మాస్టారు తిప్పికొట్టేవాడు. "ప్లాస్టిక్‌లా ఉందమ్మా. మరీ శుభ్రంగా ఉంది. నిజం వస్తువుని ఎవరో ఒకరు ముట్టుకుని ఉంటారు."

అందుకే ఈ ఒక్క బల్లకి పదకొండు రోజులు పెట్టింది. అంచుల పదును తీసింది. చెయ్యి ఆనేచోట పాలిష్ మెరుపు తగ్గించింది. కప్పు పెట్టిన మరక వేసింది. వెనకాల నాన్న షెడ్డు, రంపపు పొట్టు, ఏటవాలు ఎండ.

"అన్నయ్యా, నాన్నని అడిగావా?"

"అడక్కుండా మాటిస్తానా? బుధవారమే చూపించా. కాసేపు చూసి 'ఆఁ, లోపలుంది' అన్నాడు."

ఆమె కిటికీలోంచి మళ్ళీ షెడ్డువైపు చూసింది.

పెదనాన్న చివరి రోజుల్లో కన్నకొడుకుని పట్టుకుని "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగేవాడు. అప్పట్నుంచీ కళ్ళజోడు ఒక్క నిమిషం కనిపించకపోయినా నాన్న మొహంలో రంగు మారుతుంది. అలాంటి మనిషి, ఎన్నడూ చెయ్యని బల్లని చేసి మర్చిపోయాననుకుని మూడు రోజులుగా వెతుక్కుంటున్నాడు.

నిజం చెప్తే ల్యాప్‌టాప్ పోతుంది. చదువు సాగకపోతే దాన్ని లాక్కుంటానని అన్న ముందే చెప్పాడు. చెప్పకపోతే?

గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది. ఆమె షెడ్డువైపు నడిచింది.

నాన్న ఉలిక్కిపడి తిరిగాడు. ఆమెని చూసి గొంతు తగ్గించాడు.

"ఒక మాట అడుగుతాను, అమ్మకి చెప్పకు. ఆ బల్ల నేనెవరికైనా ఇచ్చేశానా?"

"నాన్నా..."

"రాత్రి చెక్కలన్నీ లెక్కపెట్టానమ్మా. ఒక్కటీ తగ్గలేదు. మరి దేంతో చేశాను?"

ఇక ఆగలేకపోయింది. "బల్ల లేదు నాన్నా. ఎప్పుడూ లేదు. అది నేను కంప్యూటర్లో చేశాను."

గుమ్మంలో అన్న గొంతు పేలింది. "లేని బల్లకి నా చేత మాటిప్పించావా?"

"నన్నడక్కుండా నా ఫోల్డర్ తెరిచింది నువ్వు!"

"చదువుతున్నానని తలుపేసుకుంది నువ్వు! ఐదు నెలలు మమ్మల్నందర్నీ వెర్రివాళ్ళని చేశావ్!"

"మీ అరుపులు తర్వాత" అంది అమ్మ వెనకనుంచి. "ముందు ఆయన్ని చూడండి."

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. "చూపించు" అన్నాడు.

పిచ్చుక ల్యాప్‌టాప్ తెచ్చి తెరిచింది. బల్లని చుట్టూ తిప్పింది. బల్లకి అడుగు లేదు. షెడ్డుకి ఒకటే గోడ. ఆ గోడ అవతల అంతా బూడిదరంగు. నాన్న రెప్పవెయ్యకుండా చూశాడు.

"ఆగు. ఈ కాలు చూడు. చెక్క గీతలు అడ్డంగా పోతున్నాయి. కాలికి చెక్క నిలువుగా కొయ్యాలి. ఇలా కోస్తే నాలుగు రోజుల్లో పుటుక్కుమంటుంది."

"నాకు తెలీలేదు నాన్నా."

"నాకు తెలిసింది. బుధవారం చూడగానే తెలిసింది. ఇది నా చెయ్యి కాదనుకున్నాను. ఫోటో అబద్ధం చెప్పదు కదా అని, నన్ను నేను నమ్మడం మానేశాను. రోజూ లేవగానే మీ అమ్మ పేరు మనసులో అనుకుంటున్నానే, గుర్తుందా పోయిందా అని."

పిచ్చుక ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. నిజంలా కనిపించాలని పదకొండు రోజులు కష్టపడింది. ఎవరైనా నిజంగా నమ్మితే ఏమవుతుందో ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారి పేరుపెట్టి పిలిచింది లేదు. ఇప్పుడు జపమా?" అంది అమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

నాన్న పిచ్చుక జుట్టు సవరించాడు. "ఇక దాచకు. నేర్చుకునేదేదో ఇక్కడే, నా పక్కన కూర్చుని నేర్చుకో. చెక్క ఎటు పోతుందో నేను చెప్తాను."



వీధిలో వ్యాను హారన్ మోగింది. గంటన్నర ముందే.

"ఇప్పుడేం చెప్పను? పాలిష్ ఆరలేదననా?" అన్నాడు అన్న, కంగారుగా.

"నువ్వుండు." నాన్న లేచాడు. కూతురి చెయ్యి పట్టుకుని గేటుదాకా నడిచాడు.

"రెడీయేనా మేస్త్రి గారూ?" అంది డాక్టరమ్మ, వ్యానులోంచి దిగుతూ.

"లేదమ్మా. మీరు చూసింది మా అమ్మాయి కంప్యూటర్లో చేసిన బొమ్మ. మీకు కావాలంటే నెల రోజుల్లో చేసిస్తాను. కానీ ఇప్పుడు మాత్రం ఆ బల్ల లేదు."

ఆయన గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

"నేను చెయ్యలేదు. నాకు బాగా గుర్తుంది."