చీము కోసం వచ్చిన అమ్మాయి

“కొంచెం చీము ఇస్తారా?”

ఆమె నాతో అన్న మొదటి మాట ఇది. చేతిలో ఐసు డబ్బా, వేళ్ళ చివర పసుపు మరకలు. ఇంత చక్కటి అమ్మాయి అడగక అడగక అడిగింది ఇదా అని ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ కాలు పోయేలా ఉంటే మీకు పరాచికాలా అని అరిచాను.

“పరాచికం కాదండీ. మీ దగ్గరున్నంత మొండి క్రిములు ఈ వార్డులో ఇంకెవరి దగ్గరా లేవు,” అంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మా అక్క మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

బైకు ప్రమాదంలో నా తుంటి నలిగిపోతే లోహపు కీలు వేశారు. దాని చుట్టూ చీము పట్టింది. గిన్నెకి అంటిన జిడ్డులాంటి పొర కట్టుకుని క్రిములు ఆ కింద దాక్కున్నాయి. ఇంజెక్షన్లు అక్కడిదాకా పోవడం లేదు. ఆమె కింది అంతస్తు ల్యాబులో పరిశోధన చేస్తోంది. పసుపులోని సారాన్ని కంటికి కనపడని నానో రేణువులుగా మార్చి, ఆ పొరలోకి దూర్చాలని ఆమె ప్రయత్నం.

వారం వారం వచ్చేది. నర్సు తీసిన చీము డబ్బాలో పెట్టుకుని, కూర్చోకుండానే నా క్రిముల క్షేమసమాచారాలు చెప్పేది. ల్యాబులో గాజు పళ్ళెంలో బాగా పెరుగుతున్నాయట. వాటికి వేళకి తిండి పెడుతుందట, సెలవు రోజున కూడా వెళ్ళి చూసుకుంటుందట. నాకు వాటి మీద కుళ్ళు పుట్టింది.

“ఆ పిల్ల నీ చీము కోసం వస్తోందిరా, నీ కోసం కాదు,” అని అక్క ముందే హెచ్చరించింది.

ఒక పొద్దున గాయం కాస్త ఆరినట్టు కనిపిస్తే నాకు దిగులేసింది. చీము లేకపోతే ఆమె రాదు. ఆమెని ప్రేమిస్తున్నానని అప్పుడే తెలిసింది. ఆమె రావడం కోసం కాలు కుళ్ళినా సరే అనుకుంటున్నానని తెలిసి, నా మీద నాకే భయం వేసింది.

సాయంత్రానికి జ్వరం వచ్చింది. కీలు తీసెయ్యక తప్పదన్నారు డాక్టరు. మళ్ళీ కొత్తది వెయ్యగలమో లేదో చెప్పలేమన్నారు.

మర్నాడు ఆమె వానలో తడిసి వచ్చింది. తన పసుపు మందుకి పళ్ళెంలో నా క్రిములు చచ్చిపోయాయని చెప్పింది. మొహంలో మాత్రం సంతోషం లేదు.

“అయితే ఆ మందు నాకూ వెయ్యండి,” అన్నాను. అక్క ఆమె చేతులు పట్టుకుంది.

“వెయ్యలేను. పళ్ళెంలో పనిచేసింది మనిషి ఒంట్లో ఏం చేస్తుందో నాకింకా తెలీదు. తెలిసేసరికి ఏళ్ళు పడుతుంది. మీ కాలికి అందదు.”

అబద్ధమైనా చెప్పొచ్చు కదా అన్నాను. మీకు అబద్ధం చెప్పలేనంది. కళ్ళు తుడుచుకోకుండానే వెళ్ళిపోయింది.

కీలు తీసేశారు. ఆ చోట ఇప్పుడు ఏమీ లేదు. కాలు కురచైంది, నా మాట వినదు. గాయం మానింది. ఆమెకివ్వడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదని తలుపు వైపు చూడటం మానేశాను.

ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. చేతిలో డబ్బా లేదు.

“చీము లేదండీ,” అన్నాను.

“తెలుసు. నర్సునడిగే వచ్చాను.”

“మళ్ళీ నడుస్తానో లేదో చెప్పలేమన్నారు.”

“అదీ అడిగాను.”

అక్క తన స్టూలు మీంచి లేచి, దాన్ని ఆమె వైపు జరిపింది. ఆమె కూర్చుంది.