పేరు పెట్టే మాట

"మీ అక్క బతికే ఉంది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ చేతిలోని కాఫీ ఒలికి ప్యాంటు మీద పడింది. ఆమె కనబడకుండా పోయిన రోజు నుంచి అతను కంటినిండా నిద్రపోలేదు.

"ఎక్కడ సార్?"

"వాటర్ వర్క్స్ పాత పంప్‌హౌస్‌లో. చిన్నప్పుడు మీ ఇద్దరి ఆటకోసం ఆమె ఓ భాష కనిపెట్టిందటగా? ఒక ఫారిన్ ముఠా దాన్ని సీక్రెట్ కోడ్‌గా వాడి వాడి, చివరికి మతంలా పట్టుకుంది."

డేగకు అంతా గుర్తొచ్చింది. ఆ భాషలో 'లిమో' అంటే పేరు. 'లిమోరా' అంటే నీకు పేరు పెడుతున్నాను. ఎవరి పేరు వాళ్లు పెట్టుకోకూడదు, ఇంకొకరు పెట్టాలి. అందాకా ఆ మనిషి 'లిమ్', అంటే పేరు లేనివాడు. లిమ్ మాట ఎవరూ వినక్కర్లేదు. అక్క సరదాగా పెట్టిన రూల్!

"పాత నాయకుడు పోయాడు. కొత్త బాస్ ఇంకా లిమ్మే," అన్నాడు చీఫ్. "భాషను పుట్టించిన మనిషి ఎవరికి పేరు పెడితే వాడే నాయకుడట. ఈ బాస్‌కు పెట్టిందా, వాడి ఆర్డర్‌తో ఊరి మంచినీళ్లలో విషం కలుస్తుంది. పెట్టకపోతే ఇవాళే చంపేస్తాడు. పోలీసులు కనబడినా చంపేస్తాడు. మన డబుల్ ఏజెంట్ నిన్ను లోపలికి తీసుకెళ్తుంది."

మెకానిక్ వేషం, పెట్టుడు మీసం, బూటు మడమలో ట్రాన్స్‌మిటర్. గేటు దగ్గర నల్ల కళ్లద్దాల సుందరి.

"పంపు రిపేరా?"

"కాదు, వాషర్ మార్చాలి."

కోడ్ సరిపోయింది. లోపల అడుగు పెట్టగానే ఆమె పిస్టల్ అతని మెడకు ఆనింది.

"సారీ హీరో. నడు."

అక్కను కుర్చీకి కట్టేశారు. మనిషి సగమైపోయింది. విషం ట్యాంకు వాల్వుల మీద చేతులేసి ఇద్దరు నిలబడ్డారు. బాస్ డేగ మీసం పీకేసి, నుదుటికి రివాల్వర్ గురిపెట్టాడు.

"తమ్ముడొచ్చాడు, మా భాష టీచరమ్మా! పేరు పెడతావా, వీడి బుర్ర పేల్చమంటావా?"

"వద్దక్కా! ఊరు మొత్తం పోతుంది!"

"నోర్ముయ్‌రా!" ఏడుస్తూనే కసిరింది అక్క. "ఎత్తుకుని పెంచినదాన్ని. నా కళ్లముందు నిన్నెలా చావనిస్తానురా?"

అయిపోయింది. అక్క లొంగిపోయింది.

"లిమోరా..." అందామె. బాస్ మురిసిపోతూ ఛాతీ విరుచుకున్నాడు.

"...బుడంకాయ్!"

ఆమె చూపు తమ్ముడి మీద ఉంది. ఆ ముద్దుపేరు విని ఎన్నేళ్లయిందో!

"తిప్పండ్రా వాల్వులు!" బాస్ గావుకేక పెట్టాడు. అలవాటుకొద్దీ చేతులు కదిలాయి.

డేగ ఆ చిన్ననాటి భాషలో గొంతు చించుకుని 'ఆగండి' అన్నాడు. చేతులు ఠక్కున ఆగిపోయాయి. ఇద్దరూ వాల్వులు వదిలేసి అతనికి తలవంచారు. బాస్ ట్రిగ్గర్ నొక్కేలోగా సుందరి వాడి చేతిలోని రివాల్వర్‌ను కాల్చి ఎగరగొట్టింది.

"మరి ఆ సారీ ఏంటి?" అన్నాడు డేగ, అక్క కట్లు విప్పుతూ.

"నిన్ను పట్టిచ్చినట్టు నటించకపోతే ఈ గదిదాకా రానిచ్చేవాళ్లా?"

అక్క తమ్ముణ్ణి కావలించుకుని భోరుమంది.

మర్నాడు చీఫ్ ఫోన్ చేశాడు. "జైల్లో వాళ్లెవరూ భోజనం ముట్టడం లేదయ్యా. బుడంకాయ్ గారు ఆర్డరేస్తేనే తింటారట. కాస్త త్వరగా రా!"